మూడో రోజు ఉప్పు

"వైజాగ్‌లో మా సీసా కొన్నవాళ్ళకి నెయ్యి డబ్బా ఉచితం అని బోర్డు పెడితే మీరేం చేస్తారండీ?" అని హర్షవర్మ బల్లకి అవతలి కుర్చీని అడిగాడు.

కుర్చీలో మనిషి లేదు. పలకంత తెర, దాని కింద ఒక స్పీకరు, స్పీకరు చుట్టూ ముడివేసిన ఎర్ర రిబ్బను ఉన్నాయి. ఆ కుర్చీ జవాబు చెప్పింది.

"ఏమీ చెయ్యను. నెయ్యి కావలసినవాళ్ళు మీ దగ్గరికి వస్తారు, పచ్చడి కావలసినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. నెల తిరిగేసరికి ఆ నెయ్యి కూడా అయిపోతుంది."

వర్మ నవ్వేసి నెయ్యి పథకం కాగితం మడిచి పక్కన పెట్టాడు. పక్కనే కూర్చున్న తవిటినాయుడు ఆ మాటల్ని నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

తవిటినాయుడు సైన్యంలో ముప్ఫై ఏళ్ళు చేసి సుబేదారుగా దిగినవాడు. అందులో పద్దెనిమిదేళ్ళు తుపాకీ కంటే చెవులే ఎక్కువ వాడాడు. అవతలివాళ్ళు మాట్లాడుకునేది విని, పనికొచ్చేది ఏరి, సాయంత్రం అయిదింటికల్లా రాసి పైకి పంపడం ఆయన ఉద్యోగం. దిగాక కాకినాడలో ఇల్లు కట్టుకుని మొక్కలు పెంచుకుందామనుకున్నాడు గానీ, ఏమీ తోచక వాటికి పోసిన నీళ్ళకి మూడు నెలల్లోనే సగం మొక్కలు కుళ్ళిపోయాయి. మిగిలిన సగం అదృష్టం కొద్దీ, పసిడికుండ ఫుడ్స్ యజమాని హర్షవర్మ ఆయనకి కబురు పెట్టాడు.

హర్షవర్మకి తండ్రి నుంచి పచ్చళ్ళ కంపెనీ వచ్చింది, పుస్తకాల నుంచి యుద్ధం పిచ్చి వచ్చింది. ఆయన ఆఫీసులో అమ్మకాలవాళ్ళని ఫార్వర్డ్ పోస్టు అంటారు, గోడౌన్ని ఆయుధాగారం అంటారు. క్యాంటీన్ని మాత్రం క్యాంటీనే అంటారు, ఎందుకంటే సైన్యంలోనూ దాని పేరు అదే.

ఇంత యుద్ధానికీ శత్రువు ఒక్కరే. తునిలో రేకుల షెడ్డులో పచ్చళ్ళు పెట్టే శేషారత్నం గారు. ఆవిడకి అరవై ఏడేళ్ళు, ఆవిడ దగ్గర నూట నలభై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. ముక్కలు కొట్టడం, కారాలు పట్టడం, కలపడం వాళ్ళ పని. మూడో రోజు మాత్రం ఆవిడది. ఏ పచ్చడైనా కలిపిన మూడో రోజున జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పించి, తిరగకలిపించి, చిటికెడు నాలిక మీద వేసుకుని, ఉప్పు తగ్గితే తన చేత్తో వేసేది. తర్వాత ఒక చీటీ రాసేది. తేదీ, జాడీ నంబరు, కింద సంతకం. ఆ జాడీలోంచి నింపిన సీసాలన్నిటికీ ఆ చీటీ జిరాక్సు అంటించేవారు. జనం సీసా కొనేముందు ఆ సంతకం చూసుకునేవారు.

సైన్యంలో ఇసుక బల్ల మీద ఉత్తుత్తి యుద్ధం ఆడేటప్పుడు ఒక అధికారికి ఎర్ర పట్టీ కట్టి అవతల కూర్చోబెడతారు. ఆట అయ్యేదాకా అతను శత్రువులాగే ఆలోచించాలి. తవిటినాయుడు మాటవరసకి ఈ సంగతి చెబితే వర్మ దాన్ని పట్టుకున్నాడు. మెహర్ అనే ఇంజనీరు అమ్మాయి ఏడాది కష్టపడి ఆ ఎర్ర పట్టీ అధికారిని యంత్రంలో తయారుచేసింది. దానికి ఎదిరి అని పేరు పెట్టారు. ఒక మనిషి ఇన్నేళ్ళలో ఏమేం చేసిందో చెబితే, అవన్నీ చెయ్యాలంటే ఆ మనిషి లోపల ఏముండాలో అది వెనక్కి లెక్కగట్టి, ఆ లోపలి మనిషిలాగే మాట్లాడుతుంది.

దాని మేత అంతా తవిటినాయుడే పోగుచేసేవాడు. తునికి ఏ రోజు ఎన్ని లారీల మిరపకాయలు వచ్చాయి, ఆవిడ పేపరువాళ్ళతో ఏమంది, ఏ రైతు దగ్గర ఆవాలు కొనడం మానేసింది, ప్రతి జాడీ చీటీ, ప్రతి వారం కొట్లో కొన్న సీసాలు. సీసాల్లో ఏది ఎంతుందో చెప్పడానికి మెహర్ దగ్గర ఒక యంత్రపు నాలిక ఉంది. చేరేముందే తవిటినాయుడు ఒక షరతు పెట్టాడు: గోడ దూకేది లేదు, గుమస్తాలకి లంచాలిచ్చేది లేదు, రోడ్డు మీద అందరికీ కనిపించేదే ఏరుకోవాలి. ఆ షరతు చూసుకుని ఆయనకి కొంచెం గర్వం కూడా ఉండేది.

ఎనిమిది నెలల్లో వైజాగ్, విజయనగరం కొట్లలో పసిడికుండ సీసాలు ముందు వరసలోకి వచ్చాయి. రోజూ పొద్దున ఆఫీసుకి రాగానే తవిటినాయుడు కుర్చీకేసి చూసి "నమస్తే అమ్మా, ఎలా ఉన్నారు?" అనేవాడు. మెహర్ నవ్వేది. శత్రువుకి నమస్కారం పెట్టే సైనికుణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు.

చిక్కల్లా ఉప్పు దగ్గర వచ్చింది.

తుని సీసాల్లో ఉప్పు నెలనెలా కాస్త కాస్త పెరుగుతూ వస్తోందని యంత్రపు నాలిక చెప్పింది. ఎందుకని అడిగితే ఎదిరి "నాకు తెలియదు" అంది. ఆ మాట అనడం అదే మొదటిసారి. తవిటినాయుడు మూడు రోజులు ఆలోచించి, శత్రువు ఊరికే ఏ పనీ చెయ్యడనీ, దీని వెనక తప్పకుండా ఏదో ఎత్తు ఉందనీ తేల్చాడు. బహుశా ఎక్కువ నిలవ కోసం, లేకపోతే జనం నాలికని తన రుచికి అలవాటు చెయ్యడానికి. శత్రువు ఊరికే ఏ పనీ చెయ్యడనేది సైన్యంలో ఆయనకి నేర్పిన మొదటి పాఠం. వర్మ ఆ నివేదిక చదివి "మనమూ పెంచుదాం" అన్నాడు. పసిడికుండ వంటశాలలో ఉప్పు కొలత రెండుసార్లు పెరిగింది. కంపెనీ రుచి చూసేవాళ్ళు పాత లెక్కలు చించేసి, కొత్త కొలతే సరైన కొలత అని గోడకి అంటించారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం తవిటినాయుడు భార్య అప్పలనరసమ్మ రెండు సీసాలూ కంచం పక్కన పెట్టింది. పరీక్షకి కొన్నవాటిలో మిగిలినవి ఆయన ఇంటికి తెచ్చేవాడు. ఆమె తుని పచ్చడి ఒక ముద్ద తిని నీళ్ళ చెంబు అందుకుంది.

"ఏటండీ ఇది? ఈ పచ్చడి సేసినావిడికి పడిసెం పట్టినట్టుంది."

"పడిసెం ఏమిటే?"

"ముక్కు మూసుకుపోతే నాలిక్కి ఏటి తెలుస్తాది? మా యమ్మ పెద్దదైపోనాక ఇలాగే ఏసీసీది ఉప్పు. తెలీక, మళ్ళీ మళ్ళీ ఏసీసీది." ఆమె రెండో సీసాలోది కూడా కొంచెం తిని మొహం చిట్లించింది. "మరి మీ కంపెనీకి ఏటొచ్చిందండీ? అక్కడ అందరికీ ఒకేపాలి పట్టీసిందా పడిసెం?"

తవిటినాయుడు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ళ గూఢచారి విద్యలో ఈ ఆలోచన ఒక్కసారి కూడా తట్టలేదు. శత్రువుకి ఎత్తులుంటాయని నేర్పినవాళ్ళు శత్రువుకి పడిశం పడుతుందని నేర్పలేదు.

మర్నాడు పొద్దున మెహర్ పక్కన కూర్చుని అన్నాడు, "ఎదిరికి ఒక మాట చెప్పమ్మా. శేషారత్నం గారికి రుచీ వాసనా తెలియడం లేదు అనుకోమను."

"అనుకోమంటే అనుకుంటుంది సార్, దానిదేం పోయింది" అంటూ మెహర్ టైపు చేసింది.

ఎదిరికి జవాబు దొరకని ప్రశ్నలు తెర మీద పసుపుపచ్చగా ఉంటాయి. ఆ రోజుకి పంతొమ్మిది ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆవాలు తనే వాసన చూసి కొన్న మనిషి ఇప్పుడు పాత రైతు దగ్గరే చూడకుండా ఎందుకు కొంటోంది? మూడో రోజు గదిలోంచి అందరినీ బయటికి పంపి తలుపెందుకు వేసుకుంటోంది? కమురు వాసన వచ్చిన నూనెతో కలిపిన జాడీని మొదటిసారిగా ఎలా వదిలేసింది? ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారుతూ వచ్చింది. చివరికి ఒక్కటే పసుపుపచ్చగా మిగిలింది. అది చీటీల గురించి.

మెహర్ చీటీలన్నీ తేదీల వరసలో తెర మీద పరిచింది. నాలుగు వందల పన్నెండు. మొదటి చీటీలో అక్షరాలు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. అక్కడి నుంచి చిన్నవవుతూ, ఒకదానిమీద ఒకటి ఒరుగుతూ, చివరి చీటీకి వచ్చేసరికి రెండు మిల్లీమీటర్లు కూడా లేవు. సంతకం చీమల బారులా ఉంది.

తవిటినాయుడికి ఏం చెయ్యాలో తోచక, అలవాటుకొద్దీ కుర్చీని అడిగాడు. "ఎలా ఉన్నారమ్మా?"

"జాడీలో ఏముందో నాకు తెలియడం లేదండీ" అంది ఎదిరి. "ఎవరితోనూ అనకండి. నా మీద ఆధారపడి నూట నలభై మంది ఉన్నారు."

మెహర్ తన కుర్చీ వెనక్కి జరుపుకుంది. తర్వాత గంటసేపు వైద్యం వ్యాసాలు చదివి, గొంతు తగ్గించి చెప్పింది. "పార్కిన్సన్స్ కావచ్చు సార్. వణుకు జబ్బు. వణుకు కంటే కొన్నేళ్ళు ముందే వాసన పోవచ్చట. రాత చిన్నదైపోవడం కూడా ఒక గుర్తేనట. ముందే తెలుసుకుని మందులు, వ్యాయామం మొదలెడితే చాలా ఏళ్ళు మనిషి తన పని తాను చేసుకోవచ్చట."

"ఆవిడకి తెలుసంటావా?"

"తెలిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు కదా? ఏడాదిన్నరగా షెడ్డుకి ఒక్క రోజు కూడా రాకుండా లేరు."

తవిటినాయుడికి ఒక దగ్గు వినిపించింది. చాలా ఏళ్ళ కిందటిది. మంచు కొండల మీద రెండు చలికాలాలు ఆయన అవతలి రేడియో ఆపరేటరుని విన్నాడు. పేరు తెలియదు, మొహం తెలియదు, దగ్గు తెలుసు. దగ్గు ఎక్కువైంది, వారంలో కొత్తవాడు వస్తాడు, కొత్తవాడికి పని అలవాటయ్యేదాకా ఆ పోస్టు గుడ్డిది అని ఒక సాయంత్రం అయిదింటికి రాసి పంపాడు. అలాగే జరిగింది. ఆ పోస్టు లేకుండా పోయింది, ఆయన ఛాతీ మీదికి ఒక పతకం వచ్చింది. ఆ దగ్గు మాత్రం మళ్ళీ ఎప్పుడూ రేడియోలో రాలేదు.

ఇవన్నీ తలుచుకుంటూ కూర్చున్నవాడు ఇక ఆ పూటకి ఊరుకుని ఉండవలసింది. కానీ గడియారం అయిదు కొట్టింది. చూసింది చూసినట్టు సాయంత్రం అయిదింటికల్లా రాయాలి అనేది ఆయన చేతికి పట్టిన అలవాటు. చెయ్యి దానంతటదే నివేదిక రాసింది, దానంతటదే పంపింది. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక గానీ తాను చేసిన పని ఏమిటో ఆయనకి తెలియలేదు. వెనక్కి పరుగెత్తాడు. అప్పటికే వర్మ చదివేశాడు.

"ఆవిడకి ఒంట్లో బాగాలేదని నేనేం సంతోషించట్లేదండి" అన్నాడు వర్మ. ఆయన గొంతులో నిజంగానే సంతోషం లేదు. "కానీ సుబేదార్ గారూ, శత్రువు గోడలో పగులు కనిపిస్తే మీ సైన్యంలో ఏం చేసేవారండి?"

ఏం చేసేవారో తవిటినాయుడికి బాగా తెలుసు.

వర్మ ఎత్తు చాలా తేలికైనది. కాకినాడలో ఒక పెద్ద హాల్లో మూడో రోజు పందెం. మూడు జాడీలు పెడతారు. ఒకదానిలో ఉప్పు సరిగ్గా, ఒకదానిలో తక్కువ, ఒకదానిలో ఎక్కువ. రెండు కంపెనీల పెద్దలూ టీవీవాళ్ళ ముందు రుచి చూసి ఏది ఏదో చెప్పాలి. "మనం అబద్ధమాడట్లేదు, ఎవర్నీ తిట్టట్లేదు. ఆవిడ చేతికి ఒక చెంచా ఇస్తాం, అంతేనండి" అన్నాడు. తర్వాత కుర్చీకేసి తిరిగాడు. "మీరు వస్తారాండీ?"

"వస్తాను" అంది ఎదిరి. "రాకపోతే ఎందుకు రాలేదంటారు."

"వచ్చి ఏం చేస్తారు?"

"ఎదుటివాళ్ళ మొహాలు చూసి చెబుతాను. నాలిక పోయినా కళ్ళున్నాయి కదా."

ఆ జవాబు మీద దానికున్న నమ్మకం నూటికి తొంభై నాలుగు పాళ్ళు అని తెర మీద పడింది. వర్మ ఆహ్వానం రాయించడానికి వెళ్ళిపోయాడు. తవిటినాయుడు కుర్చీ ఎదుట చాలాసేపు కూర్చున్నాడు.

"అమ్మా, ఈ సంగతి ఎవరైనా ముందే వచ్చి మీకు చెబితే ఏం చేస్తారు?"

"ఎవరు చెబుతారు?"

"అవతలి పక్షం మనిషి."

కుర్చీ ఎప్పుడూ అంతసేపు ఊరుకోలేదు. మెహర్ యంత్రం ఆగిపోయిందేమోనని లేచి చూసింది.

"దానికి నా దగ్గర జవాబు లేదండీ" అంది ఎదిరి చివరికి. "ఇంతవరకూ అవతలివాళ్ళెవరూ నాకోసం అలా రాలేదు."

తవిటినాయుడు సొరుగులోంచి మొదటి చీటీ, చివరి చీటీ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున తుని బస్సెక్కాడు.

షెడ్డు ముందు ఆవకాయ కత్తుల చప్పుడు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయల గుట్టల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని టెంకతో సహా ముక్కలు కొడుతున్నారు. మూడో రోజు గది తలుపు వేసి ఉంది. తట్టాడు. ఏడాదిన్నరగా రోజూ పలకరించిన మనిషిని ఆయన చూడడం అదే మొదటిసారి. అనుకున్నదానికంటే పొట్టిగా ఉంది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది.

"నమస్తే అమ్మా."

"రండి బాబూ. కొత్తగా కొట్టు పెట్టారా?"

"కాదమ్మా. నేను పసిడికుండ మనిషిని."

ఆవిడ కనుబొమలు లేచాయి. తర్వాత కుర్చీ చూపించింది. "అలాగా. కూర్చోండి. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగుతారా?"

ఆ మాట ఆవిడ నోట్లోంచి రాకముందే అదే వస్తుందని తవిటినాయుడికి తెలిసిపోయింది. ఎదిరి అయినా అదే అనేది. ఎదుటి మనిషి తర్వాతి మాట దొంగిలించి జేబులో వేసుకుని వచ్చినట్టు అనిపించి ఆయనకి సిగ్గేసింది. మజ్జిగ వద్దని, నిలబడే అంతా చెప్పాడు. కుర్చీ గురించి, యంత్రపు నాలిక గురించి, ఉప్పు గురించి, తాను పంపిన నివేదిక గురించి, రాబోయే ఆహ్వానం గురించి.

అంతా అయ్యాక ఆవిడ అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారు నన్ను?"

"ఏడాదిన్నర నుంచమ్మా."

"మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. బయట ఇంతమంది ఉన్నారు, వాళ్ళూ కనిపెట్టలేదు. మీరు కాకినాడలో కూర్చుని నా నోట్లో నాలిక దాకా వచ్చేశారు." ఆవిడ గొంతు పెరగలేదు. "సిగ్గు లేదుటండీ మీకు?"

"ఉందమ్మా. అందుకే వచ్చాను."

ఆవిడ ముందున్న ఉప్పు గిన్నెలోకి చూస్తూ మాట్లాడింది.

"ఏదో ఎత్తు వేశాననుకున్నారా? ఉప్పు తగ్గితే పచ్చడి బూజు పడుతుంది బాబూ. నన్ను నమ్మి కొన్నవాళ్ళ ఇంట్లో జాడీ చెడిపోతుంది. ఎక్కువైతే ఏముంది, నాలుగు గుక్కల నీళ్ళు ఎక్కువ తాగుతారు. నాకెలాగూ తెలియడం లేదు. తప్పు ఎటూ తప్పదు కాబట్టి ఎక్కువ వైపే తప్పాను."

ఉప్పు ఎందుకని అడిగినప్పుడు ఎదిరి చెప్పలేకపోయిన జవాబు అది. తవిటినాయుడు రెండు చీటీలూ తీసి ఆవిడ ముందు పక్కపక్కన పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని ఒకదాన్ని చూసింది, రెండోదాన్ని చూసింది. వేలితో తన సంతకాన్ని తడిమింది.

"ఇది నేను రాసిందేనా?"

"మీరేనమ్మా. రుచి ఒక్కటే కాదు, దీని సంగతి కూడా డాక్టరుకి చూపించాలి. నరాల డాక్టరుకి. మా ఇంజనీరమ్మాయి చెప్పింది, ముందే తెలుసుకుంటే మంచిదట."

ఆవిడ తల ఊపింది. కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు. ఆ తర్వాత సూటిగా అడిగింది. "పందెంలో ఏ జాడీలో ఎంత ఉప్పో కూడా చెప్పి వెళతారా?"

"లేదమ్మా. అది నాకు తెలియదు, తెలిసినా చెప్పను. మీ సంగతి మీకు ఇచ్చేసి పోదామని వచ్చాను. వాళ్ళ సంగతి వాళ్ళది."

మొదటిసారి ఆవిడ మొహం కొంచెం తేటపడింది. "చీటీలు ఇక్కడ పెట్టి వెళ్ళండి. మజ్జిగ తాగి మరీ వెళ్ళండి" అంది. ఈసారి తవిటినాయుడు కూర్చుని తాగాడు.

కాకినాడ వచ్చి నేరుగా వర్మ గదిలోకి వెళ్ళి చెప్పేశాడు. వర్మ తలెత్తి ఆయనకేసి చూశాడు.

"దీన్ని మీ సైన్యంలో ఏమంటారండి?"

"ద్రోహం అంటారండి" అని తవిటినాయుడు రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాడు. ఆ కాగితం రాయడానికి ఆయన అయిదింటి దాకా ఆగలేదు.

వర్మ పందెం మానలేదు. ఆవిడ వచ్చి దాచే తీరుతుందని ఎదిరి ముందే చెప్పింది. తొంభై నాలుగు పాళ్ళంటే చిన్న నమ్మకం కాదు.

పందెం రోజు పొద్దున హాలు నిండిపోయింది. తవిటినాయుడు వెనక వరసలో కూర్చున్నాడు, పక్కన అప్పలనరసమ్మ. వేదిక మీద మూడు తెల్ల జాడీలు, ఒక్కోదాని పక్కన మూసిన కవరు. శేషారత్నం గారు చెంచా అందుకుంది. చెయ్యి కొంచెం వణికింది. తవిటినాయుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. మంచు కొండల్లో తన పోస్టు మీద బాంబులు పడిన రోజున కూడా ఆయనకి ఇంత భయం వెయ్యలేదు.

ఆవిడ చెంచా తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"నాకు రుచి తెలియడం లేదండీ" అంది మైకులో. "ఏడాదిన్నర అయింది. మొన్న డాక్టరు గారు దానికి పేరు కూడా చెప్పారు. మీకు చెప్పకుండా దాచాను, అది తప్పు. మా సీసాల్లో ఉప్పెక్కువైంది, అది నిజం. ఇళ్ళల్లో ఉన్నవి తెచ్చిచ్చేయండి, కొత్తవి ఇస్తాను. ఈ పందెం నేను ఆడలేను. నాకు బదులు రోజూ ఇంట్లో వంట చేసుకునే ఆవిడ ఎవరైనా వచ్చి చూసిపెట్టండమ్మా."

తవిటినాయుడు పక్కకి తిరిగేసరికి కుర్చీ ఖాళీ. అప్పలనరసమ్మ కొంగు నడుముకి దోపుకుని అప్పటికే వేదిక మెట్లెక్కుతోంది.

మొదటి జాడీలోది నాలిక మీద వేసుకుని ఆమె తల అడ్డంగా ఊపింది. రెండోది చూసి నీళ్ళడిగింది. మూడోది చూసి ఇంకొంచెం వేసుకుంది.

"ఇందల తక్కువ ఏదీ లేదండీ" అంది. "అదెక్కువ. ఇది మరీ ఎక్కువ, నోట్లో ఎట్టలేం. ఈ మూడోదొక్కటే సరిపోనాది, అన్నంలోకి బాగుంటాది."

కవర్లు విప్పారు. ఆమె బాగుందన్న మూడో జాడీ కవరులో తక్కువ అని రాసి ఉంది. ఎక్కువన్న మొదటి జాడీ కవరులో సరైన కొలత అని ఉంది. పసిడికుండ వంటశాల గోడ మీద అంటించిన కొలత అది. ముందు వరసలోని ఆడవాళ్ళు నలుగురు లేచి వెళ్ళి తామూ రుచి చూశారు. నలుగురూ మూడో జాడీనే చూపించారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస వరసకీ పాకింది.

శేషారత్నం గారు వర్మ వైపు తిరిగింది. వేళాకోళం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"నాకంటే జబ్బు చేసింది నాయనా. మీకేమైంది?"

హర్షవర్మ మైకు అందుకున్నాడు. దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి, తిరిగి ఇచ్చేశాడు. వారంలో పసిడికుండ గోడ మీద పాత కొలత మళ్ళీ వచ్చింది. ఆయన ఆఫీసులో గోడౌను మళ్ళీ గోడౌను అయిందని కూడా చెప్పుకున్నారు.

కొన్నాళ్ళకి మెహర్ ఫోను చేసింది. "సార్, ఆ రోజు మీరు తుని వెళ్ళిన సంగతి ఎదిరికి చెప్పి, మీ పాత ప్రశ్న మళ్ళీ అడిగాను. ఈసారి జవాబిచ్చింది."

"ఏమంది?"

"'ముందు తిడతాను, తర్వాత మజ్జిగ ఇస్తాను' అంది."

తవిటినాయుడికి నవ్వు, దుఃఖం ఒక్కసారే వచ్చాయి. "ఇంక ఆవిణ్ణి వదిలెయ్యమ్మా" అన్నాడు.

"వదిలేశాను సార్. అంతా తుడిచేసే మీకు ఫోను చేస్తున్నాను. రిబ్బను మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను."

ఇప్పుడు అప్పలనరసమ్మ వారానికి మూడు రోజులు తుని బస్సెక్కుతోంది. మూడో రోజు గదిలో ఆమె నాలిక చెబుతుంది, శేషారత్నం గారి చెయ్యి ఉప్పు వేస్తుంది. ఇద్దరికీ అక్కడ రోజూ పేచీయేనట. గది తలుపు మాత్రం ఇప్పుడు వెయ్యరు. ఇంటి దగ్గర తవిటినాయుడు మొక్కలకి కొలతగా నీళ్ళు పోయడం నేర్చుకుంటున్నాడు.

ఒక సాయంత్రం ఆమె కొత్త ఆవకాయ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి ముందు చీటీ మీదికే వెళ్ళింది. గీతల కాగితం మీద రాసిన చీటీ. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నా, పెద్దవిగా, విడివిడిగా ఉన్నాయి.

"గీతలు పట్టుకుని పెద్దపెద్దగా రాయమన్నాడంట డాక్టరు" అంది అప్పలనరసమ్మ. "పొద్దున లేస్తూనే ఒక పేజీ రాస్తాదంట. సిన్నపిల్ల నాగ."

ఆయన సొరుగులోంచి స్కేలు తీసి అక్షరం పక్కన పెట్టాడు. నాలుగు మిల్లీమీటర్లు. గోడ మీద గడియారం అయిదు కొట్టింది. డైరీ తెరిచి ఉంది, కలం మూత తీసి ఉంది. తవిటినాయుడు ఆ చీటీని ఇంకోసారి చూసుకుని, కలానికి మూత పెట్టి, డైరీ మూసేశాడు.

"అన్నం పెట్టు నరసమ్మా" అన్నాడు.

"ఇప్పుడేటి అన్నం? అయిదే కదా అయింది."

"పచ్చడి ఎలా ఉందో చూద్దామని."

ఆమె వేడి అన్నంలో నెయ్యి వేసి తెచ్చింది. ఆయన ఎర్రగా కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు సరిపోయింది.